ఐదు సీసాల్లో ఒకే నీళ్లు

2019 వేసవి. నీటి సరఫరా విభాగంలోని ఒక చిన్న ల్యాబ్‌లో అనలిస్టుగా నేను చేరి అప్పటికి పదకొండేళ్లు. ల్యాబ్ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. సబ్‌డివిజన్ ఆఫీసు వెనక రెండు గదులు. ఒకదాంట్లో మీటర్లు, గాజు సామాను. రెండోదాంట్లో ఇంక్యుబేటరు, అంటే సూక్ష్మక్రిములు పెరగడానికి కావలసినంత వెచ్చదనం ఇచ్చే పెట్టె. మే నెలలో ఆ పెట్టె దండగని మేం అనుకునేవాళ్లం. గదే అంతకన్నా వేడిగా ఉండేది.

నా పని చెప్పుకోవడానికి సులభం. ఒక్కో ఊరి నుంచి వాటర్‌మ్యాన్ నెలకోసారి సీసాల్లో నీళ్లు పట్టి తెస్తాడు. వాటిని పరీక్షించి, రిజిస్టర్లో రాసి, చివర్లో 'తాగడానికి యోగ్యం' అనో 'యోగ్యం కాదు' అనో రాసి సంతకం పెడతాను. అనంతపురం వైపు నీటి పరీక్ష అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడే. బోరు లోతుకు పోయేకొద్దీ నీళ్లలో అది పెరుగుతుంది. చిన్నపిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు, నడి వయసుకే వంగని మోకాళ్లు చూసి చూసి, నా బుర్రంతా ఫ్లోరైడ్‌తోనే నిండిపోయి ఉండేది.

మడకశిర అవతల, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఒక ఊరుంది. పేరు రాయను. పట్టణమనేంత పెద్దది కాదు, పల్లె అనేంత చిన్నదీ కాదు. అక్కడ మనుషులకైనా, గొర్రెలకైనా బోరు నీళ్లే దిక్కు. ఊరి బయట మూడు బోర్లు, ఒక ఓవర్‌హెడ్ ట్యాంకు. ట్యాంకు నుంచి పైపుల్లో ఒక్కో వీధికి వంతుల వారీగా నాలుగు రోజులకోసారి నీళ్లు వదులుతారు. అంతకు రెండేళ్ల కిందట నేనిచ్చిన రిపోర్టుల మీదే ఆ ఊళ్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు ఒకటి మూసేసి, ఇంకోచోట కొత్త బోరు వేశారు. నా ఉద్యోగంలో నేను గర్వపడిన పనులు ఎక్కువ లేవు. అది ఒకటి.

ఆ ఊరి వాటర్‌మ్యాన్ పేరు ఓబులేసు. యాభై ఏళ్లుంటాయి. మోటారు వేయడం, ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కలపడం, వీధుల్లో వాల్వులు తిప్పడం అన్నీ అతనొక్కడే. నెల మొదటి మంగళవారం ఐదు సీసాలు గోనెసంచిలో పెట్టుకుని బస్సులో వచ్చేవాడు. ఒకటి బోరుది, ఒకటి ట్యాంకుది, మూడు వీధి కొళాయిలవి. ప్రతి సీసాకూ చీటీ అతికించి ఉండేది. ఒక్క నెల కూడా తప్పినవాడు కాదు.

మే నెలలో ఒక రోజు మధ్యాహ్నం ఆ ఊరి నుంచే ఒక ఆవిడ ల్యాబ్‌కు వచ్చింది. పేరు మారెక్క. ఊరి చివరి వీధి, గొర్రెలు మేపుకునే కుటుంబం. చేతిలో కూల్‌డ్రింక్ సీసా, అందులో నీళ్లు.

"ఈ నీళ్లు చూసి చెప్పు మేడం. మా వీధిలో నలుగురికి కండ్లు పచ్చగైనాయి," అంది.

"యాడ పట్టినారమ్మా?"

"మా ఇంటి కొళాయిలోనే. మొన్న ఆదివారం వచ్చినాయి నీళ్లు."

క్రిముల పరీక్షకు నీళ్లు తేవడానికి ఒక పద్ధతి ఉంది. ఆవిరిలో ఉడికించి శుభ్రం చేసిన సీసాలో పట్టాలి, చల్లగా ఉంచాలి, ఒక్క రోజులో ల్యాబ్‌కు చేరాలి. ఆవిడ తెచ్చింది కూల్‌డ్రింక్ సీసా. రెండు రోజులు ఎండలో ఉన్న నీళ్లు. వాటిలో క్రిములు కనబడినా అవి నీళ్లవో సీసావో చెప్పలేం. అదే మాట ఆవిడకు చెప్పాను. పంచాయతీ వాళ్లకు చెబితే సరైన సీసాలో పట్టి పంపిస్తారన్నాను.

"వాళ్లను అడిగే వచ్చినా. నీళ్లు మంచివని నువ్వు రిపోర్టు రాసిచ్చినావంట గదా. ఆ కాగితం చూపిచ్చి పొమ్మన్నారు. అందుకే నీ దగ్గరికే వచ్చినా."

రిజిస్టర్ తీసి చూశాను. ఏప్రిల్, మే, రెండు నెలలూ అన్ని సీసాలూ యోగ్యమే. ఆ మాట చెప్పాను. మారెక్క సీసాను నా బల్ల మీద పెట్టింది.

"ఇంట్లో ఏడో నెల కోడలుండాది మేడం. దానికీ రెండు దినాల నుంచి అన్నం సయించల్లేదు. పసరు పోయించినాం."

"పసరుతో ఊరకుండొద్దమ్మా. కడుపుతో ఉన్న మనిషికి కామెర్లు మంచివి కావు. ముందు ఆసుపత్రికి తీసుకపో," అన్నాను. ఆ ఒక్క మాటా గట్టిగానే చెప్పాను. ఆవిడ తల ఊపి, సీసా బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది. ఆ రోజు సాయంత్రానికి పంపవలసిన ఫ్లోరైడ్ లెక్కలు ఉన్నాయి. సీసాను గోడ వైపు జరిపి నా పనిలో పడ్డాను. మరునాడు కూడా అది అక్కడే ఉంది. ఆ తర్వాతి రోజూ అక్కడే ఉంది.

శుక్రవారం మా అసిస్టెంట్ ఇంజనీరు, మేం ఏఈ గారంటాం, ల్యాబ్‌లోకి వచ్చి కుర్చీలో కూలబడ్డారు.

"మీ సరిహద్దు ఊళ్లో కామెర్లంట మేడం. చివరి వీధిలోనే పదకొండు మంది. హెల్త్ వాళ్లు ఫోన్ చేసినారు. ఏడు నెలల గర్భిణిని ఒకామెను అనంతపురం పెద్దాసుపత్రికి పంపించినారంట. రేపు పోదాం."

మారెక్క కోడలని నాకు అడక్కుండానే తెలిసింది.

మరునాడు తెల్లవారేసరికి ఆ ఊళ్లో ఉన్నాం. కరెంటు కోతలతో రెండు రోజులు వెనకబడి, చివరి వీధికి నీళ్లు వదిలే వంతు ఆ రోజు వచ్చింది. ముందు ట్యాంకు దగ్గర చూశాను. క్లోరోస్కోప్ అని మాకొక చిన్న పరికరం ఉంటుంది. గాజు గొట్టంలో నీళ్లు పట్టి రెండు చుక్కల మందు వేస్తే, నీళ్లలో క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది. ట్యాంకు దగ్గర మంచి పసుపు వచ్చింది. ఓబులేసు నా పక్కనే నిలబడి ఆ గొట్టం వైపే చూస్తున్నాడు.

"నేను వేసినా మేడం బ్లీచింగు. ఏ దినమూ తప్పలే. నా బిడ్డల మీద ఒట్టు," అన్నాడు.

"కనపడతాండాది గదా ఓబులేసూ. ఒట్లెందుకు," అన్నాను.

వాల్వు తిప్పి, అరగంట తర్వాత చివరి వీధిలో చూశాను. మొదటి ఇంటి దగ్గర లేత పసుపు. నడిమి ఇంటి దగ్గర ఉందా లేదా అన్నట్టు. మారెక్క ఇంటి దగ్గర గొట్టంలో నీళ్లు మామూలు నీళ్లలాగే ఉన్నాయి. ఇంకో రెండు చుక్కలు వేశాను. రంగు రాలేదు. ట్యాంకు నుంచి ఇక్కడికి వచ్చే దారిలో క్లోరిన్‌ను ఏదో తినేస్తోంది. మురికి కలిసినప్పుడు అలా జరుగుతుంది.

మారెక్క ఇంటికి తాళం వేసి ఉంది. ఆసుపత్రిలో ఉన్నారని పక్కింటావిడ చెప్పింది. కొళాయి వాకిట్లోనే ఉంది, కానీ నేల మీద కాదు. మోకాలి లోతు గుంత తవ్వి అందులో పెట్టారు. ఆ వీధంతా అంతే. చివరి వీధి కాబట్టి నీళ్లు సన్నగా వస్తాయి. కొళాయి ఎంత కిందికి ఉంటే అంత నయం. అందుకని ప్రతి ఇంటివాళ్లూ పైపు కోసి గుంతలోకి దించుకున్నారు. గుంతల పక్కనే కొత్తగా కట్టుకున్న మరుగుదొడ్ల తొట్లు. ఇళ్లు ఇరుకు, వేరే చోటు లేదు. బిందె కడిగిన నీళ్లు, పొంగిన నీళ్లు, తొట్ల నుంచి ఊరే చెమ్మ అన్నీ ఆ గుంతల్లోకే చేరుతున్నాయి.

నేను వాళ్లను తప్పుపట్టడానికి రాయడం లేదు. నాలుగు రోజులకోసారి వచ్చే నీళ్లు రెండు బిందెలు కూడా నిండకపోతే నేనైనా గుంత తవ్వుకునేదాన్నే.

పరీక్షకు సీసాలు నింపుకున్నాక ఓబులేసుతో వాల్వు కట్టేయమన్నాను. మారెక్క కొళాయి గుంతలో అప్పటికి అడుగు ఎత్తున మురికి నీళ్లు నిలిచి ఉన్నాయి. తెరిచే ఉన్న కొళాయి మూతి అందులో మునిగి ఉంది. నేనూ ఏఈ గారూ, పక్కింటావిడా ఆ గుంత చుట్టూ నిలబడ్డాం. వీధి మొదట్లో వాల్వు మూసుకుంది. కొంచెంసేపు ఏమీ జరగలేదు. తర్వాత గుడగుడమని చప్పుడు వచ్చింది. గుంతలో నీళ్లు తిరగడం మొదలుపెట్టాయి. మా కళ్ల ముందే మట్టం తగ్గుతూ పోయింది. ఖాళీ అవుతున్న పైపు ఆ మురికి నీళ్లను లోపలికి పీల్చుకుంటోంది. మళ్లీ వంతు వచ్చినప్పుడు మొదట వచ్చేది ఆ నీళ్లే.

పక్కింటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇవా మేము తాగతాండేది," అంది మెల్లగా.

ఓబులేసు వీధి మొదటి నుంచి నడిచి వచ్చాడు. అడుగంటిన గుంతను చూశాడు. "ఇన్నేండ్లూ గుంతలు ఎండకు ఎండిపోతాండాయనుకొంటి మేడం," అన్నాడు.

నాకు అప్పుడు అసలు ప్రశ్న తట్టింది. ఈ వీధి సీసా నెలనెలా నా దగ్గరకు వస్తోంది కదా. మరి ఇన్నాళ్లూ ఎందుకు తెలియలేదు?

"ఓబులేసూ, ఈ వీధి సీసా యాడ పడతావు నువ్వు?"

అతను తల వంచుకోలేదు, తప్పించుకోలేదు. అలసిపోయిన మనిషి చెప్పినట్టు చెప్పాడు.

"ఐదు సీసాలూ ట్యాంకు కాడనే పడతా."

"చీటీల మీద వీధి పేర్లు రాసిందెవరు?"

"నేనే. నువ్వు తెమ్మనేది మంగళవారము. ఈ వీధికి నీళ్లొచ్చేది కరెంటును బట్టి, వంతును బట్టి. ఆ రెండు దినాలూ ఎప్పుడన్నా ఒకటైనాయా మేడం? పొద్దున్నే మోటారు నేనే వేయల్ల, వాల్వులు నేనే తిప్పల్ల, సీసాలూ నేనే తేవల్ల. తేకపోతే ఆఫీసు నుంచి ఫోను. నువ్వొక్కసారన్నా ఈడికొచ్చి చూసినావా?"

ఏఈ గారు అతన్ని గట్టిగా మందలించబోయారు. నేను వద్దన్నట్టు చెయ్యి చూపించాను. ఆ చివరి వీధిలో అడుగు పెట్టడం నాకు అదే మొదటిసారి.

ల్యాబ్‌కు వచ్చి సీసాల పని మొదలుపెట్టాను. మలం కలిసిన నీళ్లను పట్టే ఒక చవకైన పరీక్ష ఉంది. మందు వేసిన చిన్న సీసాలో నీళ్లు పోసి వెచ్చగా ఉంచితే, మురికి కలిసి ఉంటే మరునాటికి నల్లబడుతుంది. వాటిని ఇంక్యుబేటర్లో పెట్టి, పాత రిజిస్టర్ తెరిచాను. నీళ్ల మడ్డితనాన్ని కొలిచే అంకె ఒకటుంటుంది, టర్బిడిటీ అంటాం. ఒకే ట్యాంకు నీళ్లయినా, వీధి వీధికీ పైపులు మారతాయి కాబట్టి ఆ అంకె కొంచెమైనా మారాలి. నా రిజిస్టర్లో ఆ ఊరివి ట్యాంకు సీసా, మూడు వీధి సీసాలు, దశాంశంతో సహా ఒకే అంకె. వెనక్కి తిప్పాను. అంతకు ముందు నెలా అంతే. బోరు సీసాకూ వాటికీ తేడా లేదు. ఏడాది వెనక్కి పోయినా అంతే. ఐదు సీసాల్లో ఒకే నీళ్లని ఆ కాగితం నెలనెలా నాకు చెబుతూనే ఉంది. ప్రతి పేజీ కిందా నా సంతకం ఉంది. ఓబులేసు చీటీ మారిస్తే కనిపెట్టవలసిన మనిషిని నేనే.

ఆదివారం చూస్తే ట్యాంకు నీళ్ల సీసా తేటగా ఉంది. చివరి వీధివి మూడూ నల్లగా ఉన్నాయి. ఏఈ గారు ఆ వీధికి కొళాయి నీళ్లు ఆపించి, ట్యాంకర్ పెట్టించారు.

సోమవారం సెలవు పెట్టి అనంతపురం వెళ్లాను. ఎందుకు వెళ్లానని అడిగితే చెప్పలేను. వార్డు బయట డాక్టరమ్మ ఒకావిడ కనిపిస్తే, ఫలానా ల్యాబ్ నుంచి వచ్చానని చెప్పి అడిగాను. సుజాత, మారెక్క కోడలు, బతికి బయటపడుతుందని చెప్పింది. బిడ్డ దక్కలేదు. శనివారమే కడుపులో పోయింది.

"ఒక వారం ముందు ఆ నీళ్లు పరీక్ష చేసి ఉంటే ఏమైనా లాభం ఉండేదా అండీ?" అని అడిగాను.

"ఈమెకైతే లేదు. ఈ రకం కామెర్లు బయటపడటానికి నెల పైనే పడుతుంది. ఈమె ఆ నీళ్లు తాగింది ఏ ఏప్రిల్‌లోనో," అంది.

ఆ మాట విన్న క్షణం గుండె తేలికైంది. నేను సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను, నిజంగానే తేలికైంది. మారెక్క తెచ్చిన సీసా చూడకపోవడం వల్ల ఆ బిడ్డ పోలేదు. వరండా చివరిదాకా నడిచానో లేదో, ఏప్రిల్ అన్న మాట మళ్లీ వినబడింది. ఏప్రిల్‌లో ఆ వీధి నీళ్లు యోగ్యమని రాసింది నేను. మార్చిలోనూ నేనే. పంచాయతీ వాళ్లు మారెక్కకు అడ్డం పెట్టిన కాగితం నాదే.

మారెక్క వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టింది.

"నేనిచ్చిన నీళ్లు చూసినావా?"

"చూడలేదమ్మా."

"చూసింటే?"

డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. అక్కడితో ఆపేయవచ్చు. ఆవిడ ఇంకేం అడిగేది కాదు. కానీ ఆగలేకపోయాను. "అంతకు ముందు నెలనెలా నేను చూసిన నీళ్లు మీ వీధివి కావమ్మా. అన్నీ ట్యాంకు నీళ్లే. నేను కనుక్కోవల్సింది. కనుక్కోలేదు."

మారెక్క వార్డు వైపు చూపించి, "నాకు చెప్తే ఏమొస్తాది. లోపల పండుకోనుండాది. దానికి చెప్పు," అంది.

లోపలికి వెళ్లాను. ఇరవై ఏళ్లు దాటని పిల్ల. కళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. మంచం పక్కన నిలబడి, నాలుగు మాటల్లో చెప్పాను. ఎంతవరకు విన్నదో తెలియదు. చివరికి ఒకటే అడిగింది.

"మా వీధోళ్లు ఇంగా ఆ నీళ్లే తాగతాండారా?"

"లేదమ్మా. ఆపేసినాం. ట్యాంకర్ వస్తాండాది."

కళ్లు మూసుకుంది. నేను బయటికి వచ్చేశాను.

తర్వాత విచారణ జరిగింది. మా ఆఫీసులో తయారైన రిపోర్టులో కారణం ఒక్క వాక్యంలో ఉంది, వాటర్‌మ్యాన్ నిర్లక్ష్యమని. కింద నా సంతకానికి చోటు వదిలారు.

"ఇంకో పేరా కలపాలండీ," అన్నాను ఏఈ గారితో. "నమూనాలు ఎక్కడివో ల్యాబ్ సరిచూడలేదని. అంకెల్లో అనుమానం ఉన్నా అడగలేదని."

"మీకెందుకు మేడం ఇదంతా? అది రాస్తే మెమో మీకొస్తాది. ఓబులేసు పని ఎట్లైనా పోతాది, మీరు రాసినా, రాయకపోయినా." ఆయన చెడ్డవాడు కాదు. అలసిపోయి ఉన్నారు. మేమందరం అలసిపోయే ఉన్నాం.

రాశాను. మెమో వచ్చింది. జవాబు ఇచ్చుకున్నాను. ఏఈ గారు చెప్పినట్టే ఓబులేసును పనిలోంచి తీసేశారు. నా పేరా అతన్ని కాపాడలేదు. రెండు నెలలు తిరక్కముందే మళ్లీ పిలిపించారు, న్యాయం చేయాలని కాదు. ఏ వాల్వు ఎటు తిప్పితే ఏ వీధికి నీళ్లు పోతాయో ఆ ఊళ్లో ఇంకెవరికీ తెలియలేదు, అంతే.

చివరి వీధికి కొత్త పైపు వేశారు. కొళాయిలు నేల మీదికి లేపారు. మరుసటి వేసవిలో నీళ్లు మళ్లీ సన్నబడ్డాయి. రెండిళ్ల వాళ్లు మళ్లీ గుంతలు తవ్వారు. పూడ్పించాం. ఆ తర్వాతి వేసవిలో ఇంకో వీధిలో తవ్వారు. నీళ్ల పనిలో ఒకసారి చేసి వదిలేసేది ఏదీ ఉండదు.

ఈ కేసు నాకు నేర్పింది చెప్పడానికి చిన్నదే. నా ముందుకు వచ్చిన నీళ్లు ఎలా ఉన్నాయో మాత్రమే మీటరు చెబుతుంది. అవి ఎవరింటి నీళ్లో అది చెప్పదు. అది తెలుసుకోవాలంటే మనిషి పోవాలి. వాటర్‌మ్యాన్‌కు వీలైన రోజు కాదు, నాకు వీలైన రోజు కాదు, నీళ్లు వచ్చే రోజు పోవాలి. వీధి మొదట్లో కాదు, చివర్లో పట్టాలి. అప్పటి నుంచి నెలకు రెండు ఊళ్లకైనా స్వయంగా పోతున్నాను. అన్నిటికీ పోలేను. పోలేని ఊళ్ల రిపోర్టుల మీద సంతకం పెట్టేటప్పుడు ఈ రోజుకీ చెయ్యి ఆగుతుంది. సీసా ఎక్కడ పట్టారో, ఎవరు చూస్తుండగా పట్టారో రాయడానికి రిజిస్టర్లో నేనే ఒక గడి గీసుకున్నాను. చాలాసార్లు ఆ గడి ఖాళీగానే ఉంటుంది. ఖాళీగా ఉంటే 'యోగ్యం' అని రాయను. ఆ మొండితనానికి ఆఫీసులో నాకు మంచి పేరేమీ రాలేదు.

కిందటేడు మళ్లీ ఆ చివరి వీధికి వెళ్లాను. సుజాత వాకిట్లో నీళ్లు పడుతోంది. చంకలో ఏడాది పాప. నేను గొట్టంలో చుక్కలు వేస్తుంటే పక్కనే నిలబడి చూసింది. పసుపు బాగానే వచ్చింది.

"బాగుండాయా మేడం?"

"ఈ పొద్దు బాగుండాయి సుజాతా. తాగొచ్చు," అన్నాను.

ఆమె నా ముఖం వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. నమ్మకమూ లేదు.

"కాగబెట్టుకునే తాగుతాం లే మేడం," అని బిందె ఎత్తుకుని లోపలికి పోయింది.

అదే మంచిదమ్మా అన్నాను. ఆమెకు వినబడిందో లేదో తెలియదు.